సునంద నేర్పిన ‘ఏం కూర?’

ప్రభాకర్, నిన్న చర్చి గ్రూపుల నువ్వు పెట్టిన మెసేజ్ ముందుగాల సరిచేస్త.

"మన దవాఖానల కంప్యూటర్లు రిపేర్ చేసే సునంద ఇక లేరు" అని రాసినవు.

రిపేర్ కాదురా.

రిపేర్ చేసేటోళ్లు చెడిపోయినంక వస్తరు. సునంద చెడిపోకుండ కావలి ఉన్నది. సైబర్ సెక్యూరిటీ అంటరు దాన్ని. నా తమ్ముని కొడుకువు, డిగ్రీ చదివినవు, గా రెండు ముక్కలు రాయరాకపాయెనా?

నీ మెసేజ్ చూసి నేను నమ్మలే.

అది కూడ ఆమె నేర్పిందే. "గుండె దడదడమనే మెసేజ్ వస్తే వెంటనే నమ్మొద్దు పెద్దమ్మా. నీ దగ్గర ముందటిసంది ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి అడుగు" అనేది.

నా దగ్గర ఉన్నది సునంద నంబరే. దానికే చేసిన.

వాళ్లాయన ఎత్తిండు.

"నిజమే పెద్దమ్మా. పొద్దుగాల గుండె ఆగింది."

అప్పుడు నమ్మిన.

యాభై కూడ నిండలే పిల్లకు.

తెలియనోళ్లకు చెప్తున్న. సునంద నా దోస్తు రాజమ్మ బిడ్డ. ఆసిఫాబాద్‌ల పెరిగింది, హైదరాబాద్‌ల చదివింది, కరీంనగర్ వచ్చి మన దవాఖాన నెట్‌వర్క్ మొత్తం చేతిలకు తీసుకున్నది. అప్పుడు నేను దవాఖాన కమిటీల ఉన్న. కాలేజీల ఫిజిక్సు చెప్పిన నోరు, ఊకోదు కదా.

ల్యాబ్ కంప్యూటర్లకు ఒక గోడ, కౌంటర్‌కు ఒక గోడ, మందుల గదికి ఒక గోడ పెట్టింది. కండ్లకు కనపడని గోడలు.

"ఇది దవాఖాననా, దొరల గడీనా?" అని అడిగిన.

"గడీకి తలుపు ఒక్కటే పెద్దమ్మా. దొంగ సొచ్చిండంటే అన్ని అర్రలు వానివే. ఈడ ఏ అర్రకు ఆ తాళం" అన్నది.

నేను ఒప్పుకున్న. ఇది అరుదుగ జరుగుతది, ప్రభాకర్‌ను అడుగుండ్రి.

తర్వాత ఒకనాడు కౌంటర్ పిల్లలందరిని క్యాంటీన్‌ల కూసోబెట్టింది.

"ఎవలన్న ఫోన్ చేసి, నేను సునందను, నేను డాక్టర్‌ను అని పాస్‌వర్డ్ అడిగితే, 'ఏం కూర?' అని అడుగుండ్రి. మనం అనుకున్న జవాబు వస్తేనే ముందటి ముచ్చట."

అందరు ఒకటే నవ్వుడు.

"చదువుకున్నదానివి, వంటింటి తాళం ఏందే?" అన్న నేను.

"ఇంగ్లీష్ మాట పెడితే మరిచిపోతరు. కూర అడుగుడు మరువరు. ఎట్లాగు రోజు అడిగేదే, దొంగకు అనుమానం కూడ రాదు."

ఆ జవాబు ఏందో ఈడ రాయ. రాస్తే సునంద శవపెట్టె మూత తెరుచుకొని వచ్చి తిడ్తది.

ఇగ అసలు సంగతి.

కొన్నాళ్లకు నా బిడ్డ కీర్తనకు మన దవాఖానలనే కాన్పు ఆపరేషన్. లోపలికి తీసుకపోయిండ్రు. నేను కౌంటర్ కాడ పనిచేసే మేరీ పక్కన కూసున్న. ఫోన్ వచ్చింది. మేరీ స్పీకర్‌ల పెట్టింది.

"మేరీ, నేను సునందను. జైనూర్ మెడికల్ క్యాంపుల ఉన్న. సర్వర్ల జర పరేషాన్ ఉన్నది. నీ పాస్‌వర్డ్ చెప్పు, జల్ది."

అదే గొంతు. అదే తొందర. బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పుమన్నా సునందనే అంటుంటి.

"అక్కా, ఏం కూర?" అన్నది మేరీ.



"ఇప్పుడు కూర ముచ్చటేంది మేరీ? పని చూడు!"

మేరీ నన్ను చూసింది. నేను మేరీని చూసిన.

మన దిక్కు కొట్లాడుకున్నోళ్లు కూడ ఆ మాటకు జవాబు చెప్తరు. ఉపవాసం ఉన్నోళ్లు ఉపవాసమని చెప్తరు. కూర అడిగితే కోపం చేసే మనిషి మన మనిషి కాదు.

మేరీ కట్ చేసి అసలు సునందకు చేసింది. జైనూర్‌ల ఎన్నడు దొరకని సిగ్నల్ ఆ దినం దొరికింది. ప్రార్థన అన్న నేను. కొత్త టవర్ అన్నది సునంద, తర్వాత.

"పొద్దున ఏదన్న ఫైల్ తెరిచినవా?" అని అడిగింది.

"మెయిల్‌ల బిల్లు వస్తే తెరిచిన అక్కా."

"వెనుక నీలి నెట్ వైరు గుంజు. కంప్యూటర్ బంద్ చేయకు. వైరు ఒక్కటే గుంజు."

మేరీ చేతిల ఫోన్ ఉన్నది. నేనే టేబుల్ కిందికి దూరి గుంజిన. నా మోకాళ్లు ఇంకా సునందను క్షమించలే.

కౌంటర్ల ఉన్న ఫైళ్లన్నిటికి, ఆ బిల్లు ఫైల్‌తోని సొచ్చిన దొంగలు అప్పటికే తాళమేసిండ్రు. అవతలి గోడ దాటాలంటే పాస్‌వర్డ్ కావాలె, దానికే ఆ ఫోన్. చర్చిల ఆదివారం ప్రకటనలు చదివేది కదా సునంద, మనం యూట్యూబ్‌ల పెడితిమి. గొంతు ఆడికెల్లి ఎత్తుకపోయి మిషన్‌తోని మాట్లాడిచ్చిండ్రు. జైనూర్ క్యాంపు ముచ్చట కూడ ఆ ప్రకటనలల్లనే విన్నరు.

గోడ అవతల ల్యాబ్ నడుస్తనే ఉన్నది.

ఆపరేషన్ నడుమ కీర్తనకు రక్తం అవసరం పడ్డది. ల్యాబ్‌ల సరిచూసి పంపిండ్రు. ఎవరికి ఏం తెల్వదు. తల్లీపిల్లా ఇద్దరు ఇంటికి వచ్చిండ్రు.

పోయిన ఫైళ్లు, సునంద నెట్‌వర్క్‌కు దూరంగ బీరువల పెట్టిన బ్యాకప్‌ల దొరికినయి.

డాక్టర్‌కు శాలువా కప్పినం. సునందకు కప్పలే. ఏం కాని దినానికి శాలువా కప్పాలని ఎవరికి తోస్తది?

అందుకే ఇది రాస్తున్న.

బిడ్డా సునందా, నా మనవరాలు ఇప్పుడు ఫోన్ ఎత్తి నన్నే "ఏం కూర అమ్మమ్మా?" అని అడుగుతది. అది నువ్విచ్చిన గొంతే. నీ కావలి అయిపోయింది. యేసయ్య నీకు ఏ ఫోన్ మోగని నిద్ర ఇయ్యాలె.

ప్రభాకర్, నీకు ఒక పని.

రేపు దవాఖానకు పోయి సునంద లాగిన్ బంద్ చేయించు. మనిషి పోయినంక పేరు తెరిచి ఉంచొద్దని ఆమెనే చెప్పేది. కూర జవాబు కూడ మార్చుమను.

బంద్ చేసేది మేరీనే, సునంద ఆ పని ఆమెకు నేర్పింది. ఏడుస్తది. నిన్నటిసంది తినలేదట.

ఏం కూర అని అడుగు. జవాబు చెప్పేదాక ఆడికెల్లి కదలకు.