బతుకమ్మ ఆడే జాగ

మా చిన్నప్పుడు... నాచారంలో మా గల్లీ చివర ఒక ఖాళీ జాగ ఉండేది. ఏడాదంతా మగపిల్లల క్రికెట్... పెత్రామాస నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి, తొమ్మిదోనాటి సద్దుల బతుకమ్మ దాకా మాత్రం అది మా అమ్మలది. మా అమ్మ ముందురోజే బస్సెక్కి నారపల్లి వెళ్లి, చేల గట్ల మీద గునుగు, తంగేడు పూలు కోసుకొచ్చేది. ఇత్తడి తాంబాలంలో తన మోకాలంత ఎత్తు బతుకమ్మను పేర్చేది.

ఒక ఏడు పండుగ ముందు ఎవరో బిల్డరు ఆ జాగ తనదేనంటూ జేసీబీ తెచ్చాడు. మగవాళ్లందరూ ఫ్యాక్టరీల్లో డ్యూటీలో ఉన్నారు. అమ్మా, ఇరుగుపొరుగు ఆడవాళ్లూ వెళ్లి బండి ముందు కూర్చున్నారు. వాళ్ల పక్కన వచ్చి కూర్చున్న మగవాడు ఒక్కడే... మా గల్లీ యువజన సంఘం నాయకుడు. పేరెందుకు లెండి, అందరూ 'అన్న' అనేవారు.

"ముందుగాల నా మీదికెళ్లి పోనియ్ బండి. గిది మా అక్కలు బతుకమ్మ ఆడే జాగ," అన్నాడు డ్రైవరుతో.

బండి వెనక్కి తిరిగింది. నిజం చెప్పాలి... ఆ రోజు ఆయన్ని చూస్తే నాకు ఒళ్లు పులకరించింది.

తర్వాత గల్లీవాళ్లు చందాలేసుకుని ప్రహరీ కట్టారు. మావాళ్లు తప్పు చేసింది అక్కడే... గేటు మీద ఆయన పేరు రాయించి, తాళంచెవి కూడా ఆయన చేతికే ఇచ్చారు. ఇచ్చింది మా అమ్మే. "నీ తాన ఉంటే మాకు ఫికర్ లేదు తమ్మీ," అంది.

జాగ కాపాడినవాడని జనం ఆయన్ని కార్పొరేటర్ని చేశారు. మూలకు రేకుల గది వేసి ఆఫీసన్నాడు. మన కోసమే కదా అనుకున్నాం. పార్టీ మారాడు, గది కాస్తా మేడయింది. మళ్లీ మారి ఎమ్మెల్యే అయ్యాడు... జాగంతా ఆయన బావమరిది ఫంక్షన్ హాలయింది. అడగబోయిన వాళ్లకు చాయ్ తాగించి పంపించాడు. మావాళ్లూ ఆ చాయ్ తాగి వచ్చేశారు.

మొన్న సద్దుల బతుకమ్మకు, ఆ హాలు పార్కింగులో ఆడుకోవడానికి అనుమతి ఇచ్చారంటే నేనూ అమ్మ వెంట వెళ్లాను. పైన పెద్ద ఫ్లెక్సీ... 'ఆడబిడ్డలకు అన్న కానుక' అని. అమ్మావాళ్లు పాట ఎత్తుకోబోతే ఆయన మనిషి ఒకడు ఆపాడు.

"జర ఆగున్రమ్మా. సారు ఉప్పల్ దాటిండు. వచ్చి ఫోటో దిగినంక ఆడున్రి."

చీకటి పడింది. తంగేడు వాడిపోయింది. మోకాళ్ల నొప్పులతో అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. చివరికి ఆయన కారు దిగి, నేరుగా వచ్చి, అమ్మ చేతిలోని బతుకమ్మను తీసుకుని తల మీద పెట్టుకున్నాడు. అమ్మను గుర్తు కూడా పట్టలేదు.

"పెద్దమ్మా, జర పక్కకు జరుగు. ఫోటోకు అడ్డమొస్తున్నవ్," అన్నాడు.

అమ్మ గొంతు పెంచలేదు. రెండు చేతులూ చాచి ఆయన తల మీది బతుకమ్మను దించుకుంది.

"జేసీబీ ముంగట నీ పక్కన కూసున్నది నేనే తమ్మీ. గిప్పుడు నీకు అడ్డమైననా?"

ఆయన నవ్వు మొహం అలాగే ఉంది... కెమెరా నడుస్తోంది కదా. అమ్మ గేటు దాటి వచ్చి, గల్లీ రోడ్డు మీద బతుకమ్మను దించింది. ఇద్దరు ముగ్గురు వెంట వచ్చారు. మిగతావాళ్లు చీరలు పంచుతారని లోపలే ఉండిపోయారు. వాళ్లనూ ఏమనలేను... కానీ నాకు ఆయన మీదే కాదు, మా అందరి మీదా అసహ్యం వేసింది.

ఆటోలు హారన్లు కొడుతుంటే పక్కకు జరుగుతూ, మళ్లీ వచ్చి చప్పట్లు కలుపుతూ ఆడింది మా అమ్మ... డెబ్బై ఏళ్ల మనిషి.

మీ అమ్మావాళ్లు బతుకమ్మ ఎక్కడ ఆడేవారు? ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నారు...?