ఒకటి తీసి చూద్దామండి

హనుమంతరావు గారు ఏ వస్తువునూ ఏదైనా చేర్చి బాగుచేయరు, తీసి బాగుచేస్తారు. కంప్యూటరైనా, పప్పుచారైనా, పెళ్ళైనా ఆయన చికిత్స ఒక్కటే. ముందు చేతులు వెనక్కి కట్టుకుని రోగిని ఒక నిమిషం పరిశీలిస్తారు. తరువాత, ఎదుటివారి అనుమతి కోరుతున్నట్లు మెత్తగా, "ఒకటి తీసి చూద్దామండి" అంటారు. ఆ మాట విన్నప్పుడు కొత్తవాళ్ళు ఊరట చెందుతారు. పాతవాళ్ళు తమ సామాను దగ్గరకు లాక్కుంటారు.

ఏలూరు పవర్‌పేటలో ఆయన మేడమీది గదిలో నేను రెండేళ్ళు అద్దెకున్నాను. కొల్లేటి గ్రామాల జీవనోపాధి మీద సర్వే చేయడం నా పని. కింది వాటాలో పాత కంప్యూటర్లు బాగుచేయడం ఆయన పని. వారిది తాడేపల్లిగూడెంలో మూడు తరాలుగా ఉల్లిపాయల టోకు వ్యాపారం చేస్తున్న కుటుంబం. అన్నదమ్ములందరూ బస్తా మీద బస్తా పేర్చుకుంటూ పైకొస్తే, ఈయనొక్కరే ఉన్నదాంట్లోంచి తీసుకుంటూ ఏలూరు వచ్చి పడ్డారని ఆయన భార్య మంగతాయారు గారు నవ్వుతూ చెబుతారు.

అయితే ఆ తీయడానికి ఒక శాసనం ఉంది. నేను గదిలో దిగిన మొదటి వారంలోనే నా ల్యాప్‌టాప్ మూలపడితే, దాన్ని విప్పుతూ ఆయన ఆ శాసనాన్ని నాకు వినిపించారు.

"ఒక్కటే తియ్యాలమ్మా. తీసి చూడాలి. నయం కాకపోతే దాన్ని పెట్టేసి ఇంకోటి తియ్యాలి. రెండు కలిపి తీశామనుకో, జబ్బు పోతుంది గానీ దోషి దొరకడు."

"జబ్బు పోతే చాలదా బాబాయి గారూ?"

"చాలదమ్మా. దోషి దొరక్కపోతే నాకు అన్నం సయించదు."

అన్నం విషయంలోనూ ఆయన ఆ శాసనాన్ని పాటించారు. ఒకసారి పప్పుచారు చేదుగా తగిలింది. మరొకరైతే గిన్నె పక్కకు జరిపి పెరుగు వేసుకునేవారు. ఈయన మొదటిరోజు మెంతులు తీయించారు. చేదు పోలేదు. రెండోరోజు మెంతులు తిరిగి చేర్పించి ఇంగువ తీయించారు. మూడోరోజు కరివేపాకు. నాలుగోరోజు వంతు పప్పుకు వచ్చింది.

"పప్పు తీసేస్తే అది పప్పుచారు ఎలా అవుతుందండీ?" అన్నారు మంగతాయారు గారు.

"అవదు. కానీ చేదు పప్పుదో కాదో తేలిపోతుంది కదా."

"రేపు మీ నాలుక తీసి చూద్దామండి. నాకైతే అనుమానం దాని మీదే ఉంది."

చివరకు ఆవిడ అన్నదే నిజమైంది. వారం రోజులుగా ఆయన జ్వరానికి ఏవో మాత్రలు మింగుతున్నారు. మాత్రలు ఆపగానే చారు బాగుపడింది. దోషి దొరికినందుకు ఆయన ఆ రోజు మూడుసార్లు వడ్డించుకున్నారు. ఐదు రోజులుగా తన వంట మీద సాగిన విచారణకు మంగతాయారు గారు మాత్రం ఒకపూట పొయ్యి వెలిగించలేదు.

స్కూటరు కథా ఇంతే. గలగలమంటోందని సోమవారం అద్దం తీసి తిరిగారు. మంగళవారం అద్దం పెట్టి హారను తీశారు. బుధవారం హారను పెట్టి వెనక సీటు తీశారు. ఆ రోజు గుండుగొలనులో ఉన్న చెల్లెలి ఇంటికి మంగతాయారు గారు బస్సులో వెళ్ళారు, ఆయన పక్కనే స్కూటరు మీద వెళ్ళారు. గురువారం డిక్కీలో ఉన్న క్యారేజీ తీయగానే గలగల ఆగింది. క్యారేజీలో ఒక చెంచా ఉంది.

ఆయన అన్నగారి అబ్బాయి అభిరామ్ పెళ్ళిలో జరిగినదానికి మాత్రం నేనే సాక్షిని. తాడేపల్లిగూడెంలో కల్యాణ మండపం. పురోహితుడి మైకు గరగరలాడుతోంది, మంత్రం ఒక్కటీ వినబడటం లేదు. హనుమంతరావు గారు లేచారు. స్పీకరు తీయించారు, పెట్టించారు. సీరియల్ బల్బులు తీయించారు, పెట్టించారు. నాదస్వరం వాళ్ళ మైకు తీయించారు, పెట్టించారు. ముహూర్తానికి పది నిమిషాలుంది. ఆయన చూపు పెళ్ళిపీటల మీద ఆగింది.

"అభిరామ్, నువ్వోసారి కిందకి దిగు నాన్నా."

పెళ్ళికూతురు తండ్రి ముఖం పాలిపోయింది. "ఏవండీ బావగారూ, పెళ్ళికొడుకుని తీసేస్తారేంటండీ?"

"మళ్ళీ పెట్టేస్తానండి. రెండు నిమిషాలు."

అభిరామ్ దిగాడు. గరగర ఆగింది. అతని పట్టుపంచె మడతలోంచి ఒక సెల్‌ఫోను బయటపడింది. దాన్ని తీసుకుని, పెళ్ళికొడుకును యథాస్థానంలో పెట్టి, ఆయన ప్రశాంతంగా వచ్చి కూర్చున్నారు. పెళ్ళికూతురు సుష్మిత ఇప్పటికీ ఆయన ఎదురుపడితే భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది.

ఇటువంటి మనిషి తన శాసనాన్ని తానే ఉల్లంఘించడం నేను ఒక్కసారే చూశాను.

సర్వే కోసం మండవల్లి అవతల, చెరువుల మధ్యనున్న ఒక చేపల రైతుల సంఘం ఆఫీసుకు వెళ్ళాను. ఆఫీసంటే మేత గోడౌనులో ఒక మూల. ఒకవైపు తవుడు బస్తాలు, మరోవైపు బల్ల, బల్ల మీద పన్నెండేళ్ళ వయసున్న కంప్యూటరు, దాని ముందు బిందు. ఇంటరు తరువాత కంప్యూటరు కోర్సు చేసి, మూడు నెలలు పని చూసి ఉంచుకుంటామన్న మాట మీద ఆపరేటరుగా చేరింది. వాళ్ళింట్లో నెలజీతం అన్నదాన్ని చేతిలో పట్టుకున్న మొదటి మనిషి ఆమే. ఇప్పుడా జీతానికే ముప్పు వచ్చింది. సభ్యుల చెరువుల వివరాలు ఎక్కించే కొత్త సాఫ్ట్‌వేరు, యంత్రాన్ని నడిపించే పాత ఓఎస్ మీద తెరుచుకోదు. పెన్‌డ్రైవులోంచి కొత్త ఓఎస్ వేయబోతే మధ్యలో హ్యాంగ్ అయిపోతోంది. బాణం గుర్తు కూడా కదలదు. రెండు వారాలుగా ఇదే వరస.

సంఘం అధ్యక్షులు అబ్బాయిరాజు గారు నలభై ఎకరాల చెరువుల ఆసామి. మనిషి మంచివారే గానీ తీర్పు త్వరగా ఇస్తారు. "శనివారంలోగా ఎక్కకపోతే ఈ అమ్మాయి వల్ల కాదని తేలినట్టేనండి. అనుభవం ఉన్నవాళ్ళని పెట్టేసుకుంటాను" అని ఆమె ఎదుటే నాతో అన్నారు.

ఇంటికి వచ్చి హనుమంతరావు గారికి చెప్పాను. శుక్రవారం ఉదయం ఇద్దరం కైకలూరు బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో సంఘం ఆఫీసుకు చేరాం.

"రండి, రండి హనుమంతరావు గారూ," అన్నారు అబ్బాయిరాజు గారు. "ఆయ్, ఇదేనండి. పన్నెండేళ్ళుగా నా మాట విన్న యంత్రం. ఈ అమ్మాయి చెయ్యి పడ్డాక మొండికేసిందండి."

బిందు కుర్చీలోంచి లేచింది. ఒక నోటుబుక్కు తెచ్చి హనుమంతరావు గారి చేతికిచ్చింది. అందులో తన ప్రయత్నాలన్నీ రాసిపెట్టుకుంది. ఉదయం మొదటిసారి అరవై రెండు శాతం దగ్గర ఆగింది. వెంటనే మళ్ళీ మొదలుపెడితే నలభై దగ్గర. ఇంకోసారి చేస్తే ఇరవై ఎనిమిది. భోజనానికి వెళ్ళి వచ్చి చేస్తే మళ్ళీ అరవై. హనుమంతరావు గారు ఆ పేజీని రెండుసార్లు చదివారు.

"ఇది ఎవరు రాయమన్నారమ్మా?"

"ఎవరూ అనలేదండి. రాసుకుంటే ఎప్పటికైనా తెలుస్తుంది కదాని."

"తెలుస్తుంది," అన్నారాయన. "రాజుగారూ, ఒకటి తీసి చూద్దామండి."

కంప్యూటరు డబ్బాను తనవైపు తిప్పుకుని, పక్క మూత విప్పి, దాదాపు తల లోపల పెట్టినంతగా వంగారు. బ్రష్షుతో దుమ్ము దులిపారు. జేబురుమాలు కాబోలు, ఏదో జేబులో కుక్కుకుని మళ్ళీ వంగారు. తరువాత మొదలైంది అసలు వేడుక. నేల మీద పాత పేపరు పరిపించి, ఒక్కొక్క భాగమే ఊడదీసి, పెళ్ళిలో సారె సర్దినట్లు అబ్బాయిరాజు గారి ఎదుట సర్దసాగారు.

"ఇది మెమరీ అండి. ఇది దాని తోడు. ఇది సౌండు కార్డండి. మీరు దీంతో పాటలవీ వింటారా?"

"ఎప్పుడన్నా సాయంత్రాలండి," అని అబ్బాయిరాజు గారు సర్దుకుని కూర్చున్నారు.

"ఇది సెల్లండి, వాచీలో ఉంటుందే, అలాంటిది. ఇది డివిడి డ్రైవండి."

మొత్తం ఐదు తీశారు. ఒక్కసారి కూడా స్విచ్చి వేసి చూడలేదు. నాకు మనసు ఆగలేదు.

"బాబాయి గారూ, ఒకటి తీశాక చూడాలి కదండీ?"

"టైము లేదమ్మా," అన్నారు నావైపు చూడకుండా.

ముహూర్తానికి పది నిమిషాలున్నప్పుడు పెళ్ళికొడుకును దింపడానికి టైమున్న మనిషి ఆయన. పప్పుచారు కోసం ఐదు రోజులు వెచ్చించిన మనిషి. అటువంటాయన నాలుగు భాగాలను తిరిగి లోపల బిగించి, డివిడి డ్రైవును మాత్రం పేపరు మీదే వదిలేసి, మూత వేసి, "ఇప్పుడు నువ్వు మొదలుపెట్టమ్మా" అని బిందును కుర్చీలో కూర్చోబెట్టారు.

ఇరవై ఎనిమిది దాటింది. నలభై దాటింది. సంఘం సభ్యులు ఇద్దరు తవుడు బస్తాలెక్కి మరీ చూస్తున్నారు. అరవై రెండు దగ్గర అంకె నిలబడింది. మీసం మీదకు వెళ్ళిన అబ్బాయిరాజు గారి చెయ్యి అక్కడే ఉండిపోయింది. బిందు కళ్ళు మూసుకుంది. ఎవరో "అరవై మూడు" అన్నారు. ఆమె కళ్ళు తెరిచేసరికి అరవై ఐదు. ఆ తరువాత అరగంటకు తెర మీద కొత్త ఓఎస్ నిలిచింది.

"దోషి ఎవరండీ?" అన్నారు అబ్బాయిరాజు గారు. ఆయన గొంతులో ఇంకా తీర్పు చెప్పే ఉత్సాహం తగ్గలేదు.

హనుమంతరావు గారు డివిడి డ్రైవును రెండు చేతులతో ఎత్తి చూపించారు. "ఇదేనండి. ఓఎస్ ఎక్కుతూ ఎక్కుతూ దారిలో అందరినీ పలకరిస్తుందండి. ఇది ముసలిదైపోయింది, పలకదు. అది పాపం బదులు కోసం నిలబడిపోతోంది."

"అంటే, ఈ అమ్మాయి తప్పేమీ..."

"ఈ అమ్మాయి నోటుబుక్కు లేకపోతే నేను కూడా పట్టుకోలేకపోయేవాణ్ణండి." ఆయన అబ్బాయిరాజు గారి ముఖంలోకే చూస్తూ అన్నారు: "ఇంకొక్క మాట. యంత్రానికి లోపల గానీ వెనకాల గానీ గుడ్డ కప్పకూడదండి. అభిమానం కొద్దీ కొంతమంది కప్పుతారు. ఇది అందరికీ చెప్పే మాటే."

"నేనెప్పుడూ కప్పలేదండి," అన్నారు అబ్బాయిరాజు గారు కంగారుగా.

"మంచి అలవాటండి."

బిందు తల వంచుకుంది. ఆమె చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది.

తిరుగు బస్సులో నేను అడగకముందే ఆయన జేబులోంచి తీసి నా చేతిలో పెట్టారు. జేబురుమాలు కాదు. పలుచని గులాబీరంగు వోణీ ముక్క. నాలుగు అంచులూ ముచ్చటగా మడిచి కుట్టి ఉన్నాయి, మూలలకు కట్టుకునే తాళ్ళున్నాయి. మధ్యభాగం తవుడు దుమ్ముతో అట్టకట్టింది.

"లోపలి ఫ్యానుకు కట్టిందమ్మా. సాయంత్రమైతే అక్కడ దీపం పురుగులు, రోజంతా తవుడు దుమ్ము. అవేవీ లోపలికి పోకూడదని. గాలి కూడా పోలేదు. మామూలు పనికి ఎలాగో ఓర్చుకుంది గానీ, ఓఎస్ ఎక్కించేసరికి వేడికి తట్టుకోలేకపోయింది. నోటుబుక్కు చూడగానే అర్థమైంది. చల్లారాక మొదలుపెడితే ఎక్కువ దూరం వెళ్తోంది, వేడి మీద మొదలుపెడితే తక్కువ."

అంటే అబ్బాయిరాజు గారు అన్నది అక్షరాలా నిజం. ఆ అమ్మాయి చెయ్యి పడ్డాకే యంత్రం మొండికేసింది.

"మరి డివిడి డ్రైవు?"

"బంగారంలా పనిచేస్తోంది."

"పాపం కదా బాబాయి గారూ, దాని మీద నింద వేశారు."

"దానికి పోయే ఉద్యోగమేం లేదు కదమ్మా."

రెండు కలిపి తీస్తే దోషి దొరకడన్న సంగతి ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు? అందుకే ఆ రోజు ఐదు కలిపి తీశారు.

నేనింకా వోణీ ముక్క కుట్టు చూస్తుండగానే ఆయన ఫోను మోగింది. అవతల అబ్బాయిరాజు గారు. ఆయన గొంతు బస్సంతా వినబడుతోంది.

"హనుమంతరావు గారూ, మళ్ళీ హ్యాంగ్ అవకుండా ఏం చెయ్యమంటారండి?"

"గాలి తగలాలండి. ఓ ఫ్యాను పెట్టించండి."

"ఆయ్, ఇవాళే తెప్పిస్తానండి. సరిగ్గా దాని మీదకే తిప్పి పెట్టేస్తాను."

"అలా వద్దండి. అటూ ఇటూ తిరిగే ఫ్యాను పెట్టాలి. ఒకే చోట గాలి కొడితే పాత యంత్రాలకి పడదండి."

"అలాగాండి? ఎందాకా తిరగాలండి?"

హనుమంతరావు గారు కిటికీలోంచి చెరువుల వైపు చూస్తూ కాసేపు ఆలోచించారు.

"కుర్చీ దాకా తిరగాలండి," అన్నారు.

మూడు వారాల తరువాత సర్వే కోసం మళ్ళీ ఆ ఆఫీసుకు వెళ్ళాను. బిందు ఉద్యోగం ఖాయమైంది. బల్ల పక్కన కొత్త స్టాండు ఫ్యాను నిలబడి, కంప్యూటరు మీద కాసేపు, కుర్చీ మీద కాసేపు గాలి పంచుతోంది. ఆ గాలి అందని మూలన అబ్బాయిరాజు గారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ కూర్చున్నారు. నేను ఫ్యాను వైపు చూడటం గమనించి ఆయనే వివరించారు.

"యంత్రానికమ్మా. ఒకే చోట గాలి కొడితే పడదట."

బిందు తెర మీంచి చూపు తిప్పకుండా, "అస్సలు పడదండి" అంది.