పసుపు అద్దిన గ్యారంటీ కార్డు

మొన్న మా అమ్మాయి, కొత్త మిక్సీ తిరగడం లేదని ఫోన్లో ఫోటో పెట్టి, రెండు రోజుల్లో ఇంకొకటి తెప్పించుకుంది. పాతది తీసుకుపోయినాయన ముఖం కూడా సరిగా చూడలేదు. నాకు సంతోషం కలగవలసిందే గానీ, తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక గ్రైండర్ కోసం నేను తిరిగిన తిరుగుడంతా గుర్తుకొచ్చి మనసు చివుక్కుమంది.

అప్పుడు మేం నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి కర్మన్‌ఘాట్‌లో కిరాయికి ఉండేవాళ్లం. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టళ్లకు నేను ఇడ్లీ పిండి రుబ్బి ఇచ్చేదాన్ని, ఇల్లు గడిచేది దానిమీదే. కొత్త గ్రైండర్ నెల తిరక్కుండానే షాకు కొట్టడం మొదలుపెట్టింది, ముందు వేళ్లకు, తరువాత మోచేతి దాకా. ఆపితే హాస్టల్ వాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు, నడిపితే ప్రాణం మీదికి వస్తుంది. రబ్బరు చెప్పులేసుకుని, చెక్కపీట మీద నిలబడి, దాన్ని తిట్టుకుంటూ రోజూ రుబ్బేదాన్ని. ఆ పీట దిగే దారి ఎటూ కనిపించేది కాదు.

అమ్మిన దుకాణదారు కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడినాయన. బిల్లు ఇవ్వకుండా గ్యారంటీ కార్డు మీదే తేదీ రాసి ముద్ర కొట్టిచ్చాడు. మా అత్తకేమో ఇంటికి ఏ కొత్త వస్తువొచ్చినా పసుపు పెట్టనిదే మనసొప్పదు. గ్రైండర్‌కు పెడితే సరిపోయేది, పెళ్లి పత్రికకు పెట్టినట్టు కార్డు నాలుగు మూలలకూ తడి పసుపు అద్ది దేవుడి పటం ముందు పెట్టింది. తేదీ, ముద్ర ఉన్న మూల ఆరేసరికి పచ్చటి మరక తప్ప ఏమీ మిగల్లేదు. అరుద్దామని వెళ్లాను గానీ, "నీ చెయ్యి సల్లగుండాలెనని పెట్టిన బిడ్డా" అంటుంటే కార్డు తీసుకుని వచ్చేశాను.

ఎల్బీ నగర్ సర్వీసు సెంటర్ వాళ్లు తేదీ లేని కార్డు చెల్లదన్నారు. దుకాణానికి వెళితే, "వాళ్లు ఒప్పుకోకపోతే నేనేం చేయగలనమ్మా?" అని ఆయన చేతులెత్తేశాడు. మళ్లీ వెళదామంటే బంద్, ఇంకోనాడు ర్యాలీ. తెలంగాణ రావాలని నేనూ మొక్కుకున్నదాన్నే, అయినా దించిన ఆ షట్టరు చూసినప్పుడల్లా ఏడుపొచ్చేది.

ఒకనాడు నేను చూడకుండా అత్త గ్రైండర్ గిన్నె పట్టుకుని, షాకు కొట్టి వెనక్కి పడిపోయింది. అదృష్టం బాగుండి బతికిపోయింది. ఉద్యమంలో తిరిగే మా మరిది మండిపడ్డాడు. "నువ్వు ఊఁ అను వదినె, పదిమందిమి పోతం, ఎట్ల ఇయ్యడో చూస్తం" అన్నాడు. నేను ఊఁ అనలేదు. తప్పు మన వైపు లేనప్పుడు న్యాయంగానే అడిగి తెచ్చుకుంటానన్నాను.

మర్నాడు గ్రైండర్‌ను ఒళ్లో పెట్టుకుని షేర్ ఆటోలో వెళ్లాను. ముందురోజు గొడవలో ఎవరో రాయి విసిరారట, దుకాణం అద్దం పగిలి, షట్టరు సగం దించి ఉంది. ఆయన లోపల ఒక్కడే గాజుపెంకులు ఊడుస్తున్నాడు. కడుపులో ఉన్నదంతా పొంగుకొచ్చి, "ఏందన్నా, మా అత్త పానం పోతుండె, మీకేం పట్టదా?" అని గట్టిగానే అరిచాను. రోడ్డు మీద నలుగురు ఆగారు. ఆయన నా యాస విన్నాడు, వాళ్లను చూశాడు, కింద పడిన గాజు వైపు చూశాడు. కార్డు అడగలేదు, ప్లగ్గు పెట్టి చూడలేదు. కొత్త గ్రైండర్ తెచ్చి, కొత్త కార్డు మీద తేదీ రాసి ముద్ర వేసి నా చేతిలో పెట్టి, "ఇంక గొడవేం ఉండదు కదమ్మా?" అన్నాడు. కళ్లు రోడ్డు మీది వాళ్లమీదే ఉన్నాయి. నేను తలూపి గబగబా బయటపడ్డాను.

ఆ గ్రైండర్ చాలా ఏళ్లు చక్కగా రుబ్బింది, అత్త దాని కార్డు జోలికి పోలేదు. దుకాణం ఉన్నచోట ఇప్పుడు కోచింగ్ సెంటరు, పైన మెట్రో. ఈ కాలం పిల్లలు వస్తువు చెడిపోతే ఎవరినీ బతిమాలక్కర్లేదు, ఎవరూ వాళ్లను చూసి భయపడక్కర్లేదు, అది మంచిదే. మన ఈడు వాళ్లకు మాత్రం అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. ఆ కొత్త కార్డు ఇంకా నా బీరువాలోనే ఉంది. ఆయన రాసిన తేదీ వంకరటింకరగా కనబడుతుంది, ముందొకసారి ప్లగ్గు పెట్టి చూడన్నా అని ఆ రోజు ఒక్క మాట అనలేకపోయాను కదా అనుకుంటాను.