స్కిప్ చేసిన టెస్టు

ఏలూరులో తివాచీలు నేసే అబ్దుల్ సలాం కూతురు షాయిస్తా. డిగ్రీ అయ్యాక ఊళ్లోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరింది. చేపల చెరువులో ఆక్సిజన్ ఎంతుందో కంప్యూటర్ తెర మీద చూపించి, తగ్గితే అలారం మోగించే ప్రోగ్రాం వాళ్లది. అందులో తప్పులు పట్టుకునే టెస్టులు రాయడం ఆమె పని.

వాటిల్లో అన్నిటికంటే చిన్న టెస్టు ఒకటుంది. తెర మీద బొమ్మలూ బటన్లూ గీసే టూల్‌కిట్ అసలు లోడవుతోందా లేదా అన్నదొక్కటే అది చూస్తుంది. అది లోడవకపోతే విండో తెరుచుకోదు, అలారమూ మోగదు. టెస్టులు నడిపే సర్వర్‌కి తెర లేదు కనుక ఆ ఒక్కటీ రోజూ ఫెయిలయ్యేది. తెర ఉన్నట్టు సర్వర్‌ని నమ్మించే ఏర్పాటు ఉందని, ఒక్కరోజు చాలని షాయిస్తా చెప్పింది. కొత్త వెర్షన్ ఆ సాయంత్రమే వెళ్లాలని, దాన్ని స్కిప్ చేసెయ్యమని టీం లీడు ఫణీంద్ర అన్నాడు. ఆమె చేసేసింది. మిగతావన్నీ పాసయ్యాయి.

ఆ వెర్షన్‌లో టూల్‌కిట్‌కి కావలసిన ఫైలు ఒకటి చేరలేదు.

మూడోరోజు ఆకివీడు నుంచి ఫోను వచ్చింది. భర్త పోయాక ఒంటిచేత్తో చెరువు చూసుకుంటున్న రత్నమాణిక్యం గారిది. రెండు రోజులుగా మబ్బు, ఎండ లేక నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోయింది. అలారం మోగలేదు కదా అని ఆవిడ కంప్యూటర్ తెర చూడలేదు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు వేయలేదు. తెల్లారేసరికి చెరువంతా చేపలు తేలిపోయాయి.

కరెంటు పోయిందని చెప్పి తప్పు దాని మీదకు నెట్టెయ్యమని ఫణీంద్ర సలహా ఇచ్చాడు. షాయిస్తా బస్సెక్కి ఆకివీడు వెళ్లింది. గట్టు మీద కూలీలు చచ్చిన శీలావతి చేపలను వలలతో లాగి కుప్ప పోస్తున్నారు. పక్కన నిలబడి చూస్తున్న రత్నమాణిక్యం గారికి జరిగిందంతా చెప్పింది.

"ఆ టెస్టు ఆపింది నేనేనండీ."

ఆవిడ నీళ్లకేసి తిరిగారు.

"ఆ అలారాన్ని నమ్ముకునే కదమ్మా కళ్లు మూసుకున్నాను," అన్నారు.

మర్నాడు షాయిస్తా ఎవరినీ అడక్కుండా, తెర ఉన్నట్టు సర్వర్‌ని నమ్మించే ఏర్పాటు చేసి ఆ టెస్టును మళ్లీ పెట్టింది. ఆ ఫైలు లేదని అది వెంటనే ఫెయిలైంది. ఫైలు చేర్చాక పాసైంది. మొత్తం కలిపి పూట కూడా పట్టలేదు. దానికే ఆమెకు ఎక్కువ ఏడుపొచ్చింది.

రత్నమాణిక్యం గారు ఆ ఏడు చెరువులో మళ్లీ చేపపిల్ల వదలలేదు. షాయిస్తా రెండుసార్లు ఫోను చేసింది. రెండోసారి ఆవిడ మెల్లిగా అన్నారు: "నువ్వు మంచిదానివే. కానీ నీ తప్పేం లేదులే అని చెప్పే ఓపిక నాకు లేదమ్మా. ఇంక చెయ్యకు."

షాయిస్తా అలాగేనండీ అంది. ఆ తరవాత చేయలేదు.