సముద్రంలో డింఫ్నా మోకాలు

మాసీ లార్డన్ ఐర్లండ్ తీరంలోని మా బాలిక్రీన్‌లో ముప్పై నాలుగేళ్లు పోస్ట్‌మన్‌గా పనిచేశాడు. అన్నేళ్లలో ఎవరి కవరూ చింపి చూసిన పాపాన పోలేదు. ఆ అవసరం ఆయనకి రాలేదు. కవరు బరువు, అంటించిన తీరు, పంపిన ఊరు చూసి లోపల ఏముందో చెప్పేసేవాడు. కాలేజీ నుంచి లావు కవరు వస్తే సీటు వచ్చినట్టు, సన్న కవరు వస్తే రానట్టు. చేత్తో రాసిన అడ్రసుతో ఇంగ్లండు నుంచి వస్తే ఎవరో పోయారనో, ఎవరికో డబ్బు కావాలనో అర్థం. పదిసార్లు చెబితే తొమ్మిదిసార్లు నిజమయ్యేది. ఆ పదోసారి గురించి ఊళ్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఇప్పుడు మాట్లాడుతున్నారు.

ఆయనకి ఇంకో అలవాటుండేది. చెడ్డ కబురు మోసుకొచ్చిన ఉత్తరాన్ని పొద్దున పూట ఇచ్చేవాడు కాదు. సంచీ అడుగున దాచి ఊరంతా తిరిగి, మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్లీ ఆ గుమ్మానికి వచ్చి ఇచ్చేవాడు. "ఖాళీ కడుపుతో ఎవరినీ ఏడిపించను నాయనా," అనేవాడు. పోస్టాఫీసు నిబంధనల్లో ఈ సౌకర్యం లేదు. మా నాన్న గురించి ఆసుపత్రి రాసిన ఉత్తరం మా ఇంటికి మంగళవారం రెండున్నరకి చేరింది, మేం మాంసం, బంగాళాదుంపలు తిని చేతులు కడుక్కున్నాక. ఆ దయని నేను మరిచిపోలేదు.

అంత మంచివాడు కాబట్టే మేం ఆయన్ని నమ్మాం. మంచివాడికి చమురు బావుల గురించి కూడా తెలుస్తుందని మాకు ఎవరు చెప్పారో మాత్రం గుర్తు లేదు.

రిటైరైనప్పుడు మాసీకి వచ్చిన డబ్బులో పద్నాలుగు వేల యూరోలు ఆయన భార్య డింఫ్నా మోకాలి ఆపరేషనుకని పక్కన పెట్టారు. ఆమె బడిలో ఇరవై ఏడేళ్లు నేల తుడిచింది. కుడి మోకాలు అరిగిపోయింది. సర్కారు ఆసుపత్రిలో వంతు రావడానికి రెండున్నరేళ్లు, ప్రైవేటు ఆసుపత్రిలో ఆరు వారాలు. వాళ్ల ఇల్లు చర్చి వెనక కొండ మీద ఉంటుంది. ఆమె ఆ ఇంటి నుంచి దిగితే ఎక్కడం కష్టమని, ఎక్కితే దిగడం కష్టమని, ఏడాదిగా ఎక్కడుంటే అక్కడే ఉండిపోతోంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక కంపెనీ మా తీరానికి అరవై మైళ్ల దూరంలో సముద్రం అడుగున చమురు బావి తవ్వుతానని బయల్దేరింది. దాని పేరెందుకులెండి, ఇప్పుడు దాని తలుపు మీద కూడా ఆ పేరు లేదు. మాసీ ఆ కంపెనీ ప్రకటన చదివాడు. మందపాటి కాగితం, మంచి నిగనిగ. లావు కవరు! పద్నాలుగు వేలూ షేరు ముప్పై సెంట్ల లెక్కన కొనేశాడు. అప్పట్నుంచి డింఫ్నా మోకాలు సముద్రంలో ఉందని ఊళ్లో అనుకోవడం మొదలైంది. ఆమె ఎదుటే అనేవారు. ఆమె కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది!

ఆయన వెనకాల మేం ఎనిమిది మందిమి కొన్నాం. టీ కొట్టు నువాలా కొంది. ఫాదర్ కల్హేన్ కొన్నాడు. రేవు దగ్గర ఇనుప సామాను, సిమెంటు అమ్ముకునే నేను నాలుగు వేలు పెట్టాను. తవ్వకం మొదలైన ఆదివారం, ఫాదర్ ప్రార్థనలో "ఊరివాళ్ల ఒక ప్రత్యేకమైన కోరిక" కోసం వేడుకున్నాడు. ఆ కోరిక ఏమిటో దేవుడికి తెలియకపోతే పోయింది గానీ, మూడో వరసలో కూర్చున్న కుక్కపిల్లకి కూడా తెలుసు.

ఇక మాసీకి మళ్లీ ఉద్యోగం దొరికినట్టయింది. రోజూ దుర్భిణి మెడలో వేసుకుని కొండ చివరికి వెళ్లేవాడు. అరవై మైళ్ల దూరంలో ఉన్నది అక్కణ్ణించి కనిపించదని మాకందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు. అయినా వచ్చి చెప్పేవాడు. బావి దగ్గరికి హెలికాప్టరు నిన్న రెండుసార్లు వెళ్లింది, అంటే పెద్దవాళ్లు వెళ్లారు. ఇవాళ అసలు వెళ్లలేదు, అంటే విషయం బయటికి పొక్కకుండా చూస్తున్నారు. నువాలా కొట్లో టీ తాగుతూ మేం తలలూపేవాళ్లం. వెళ్లినా మంచిదే, వెళ్లకపోయినా మంచిదే. ఇంత సుఖమైన విద్య నేనెక్కడా చూడలేదు.

మా తలలూపుడు ఫలితమో, ఇలాంటి కొట్లు దేశంలో ఇంకా చాలా ఉండడం వల్లో, షేరు అరవై రెండు సెంట్లకి ఎక్కింది. ఆ సాయంత్రం నేను వాళ్లింట్లో ఉన్నాను. డింఫ్నా కాలు చాపి కుర్చీలో కూర్చుంది.

"మాసీ, సగం అమ్మెయ్," అంది. "నా మోకాలు మటుకు అమ్ము. మిగతా సగంతో నువ్వు బావిలో దూకినా అడగను."

"ఒక్క మోకాలేంటే పిచ్చిదానా? బావి పడితే రెండూ చేయిద్దాం. డబ్లిన్‌లో, పెద్ద ఆసుపత్రిలో."

"ఎడమది బాగానే ఉంది కదయ్యా."

"అయితే మాత్రం దానికి వయసు రాదా?"

ఆమె నా వైపు చూసింది. నేను చటుక్కున టీ కప్పులోకి చూశాను.

"సరే, రేపు అమ్ముతాలే," అన్నాడు మాసీ చివరికి. నిజంగానే అమ్మేవాడు. మనిషి మాట మీద నిలబడేవాడే. కానీ మర్నాడు పొద్దున్నే, ఎందుకైనా మంచిదని, కార్క్ రేవుకి వెళ్లి బావికి సరుకు మోసే ఓడని ఒకసారి చూసొద్దామన్నాడు. నన్నూ కారెక్కించాడు.

రేవు కంచె బయట నిలబడి ఫ్లాస్కులో టీ, హామ్ పెట్టిన రొట్టె ముగించే లోపు, బావి దగ్గరికి వెళ్లే ఓడ పక్కన ట్యాంకరు లారీలు వచ్చి ఆగాయి. ఒకటి కాదు, ఆరు. లావుపాటి గొట్టాలు తగిలించి ఓడలోకి పొడి ఎక్కిస్తున్నారు. గాలికి బూడిదరంగు దుమ్ము లేచి కంచె దాకా వచ్చింది. నేను వేలితో తీసి చూశాను.

"సిమెంటు," అన్నాను.

మాసీ మొహం వెలిగిపోయింది. "ఆరు లారీలు! చూశావా డోనల్? చచ్చిన బావికి ఆరు లారీల సిమెంటు ఎవడైనా పోస్తాడా? కడుతున్నారయ్యా వాళ్లు. శాశ్వతంగా ఉండిపోయేది కడుతున్నారు!"

నేను పాతికేళ్లుగా సిమెంటు అమ్ముతున్నాను. మా ఊళ్లో కొత్త ఇల్లు కట్టి ఎన్నేళ్లయిందో చెప్పలేను. నా దగ్గర సిమెంటు కొనేవాళ్లు రెండు పనులకి కొంటారు. ఒకటి, సమాధి రాయి నిలబెట్టడానికి. రెండు, ఎండిపోయిన పాత బావిలో గొర్రెలు పడకుండా దాన్ని పూడ్చెయ్యడానికి. ఇది నాకు తెలిసినంత బాగా ఐర్లండ్‌లో ఇంకెవరికీ తెలియదు. ఆ రోజు ఆ కంచె దగ్గర నిలబడి, వేలికి సిమెంటు అంటుకుని ఉండగా, "అవును మాసీ, కడుతున్నారు," అన్నాను.

ఇంటికి రాగానే మాసీ ఓడ సంగతి చెప్పాడు. డింఫ్నా అంతా విని నన్నడిగింది.

"నువ్వు సిమెంటు అమ్మేవాడివి కదా డోనల్. నువ్వేమంటావ్? అది దేనికి?"

నా నాలుగు వేలూ కళ్ల ముందు ఎనిమిదై, పదహారై కనిపిస్తున్నాయి. "మంచి సూచనే అనుకుంటున్నాను," అన్నాను.

మాసీ అమ్మలేదు.

తవ్వకం అయిపోయిందనీ, ఫలితం వచ్చే వారంలో చెబుతామనీ కంపెనీ ప్రకటించింది. అలాంటి కబురు పొద్దున ఏడింటికి వస్తుంది, షేర్ల బజారు ఎనిమిదింటికి తెరుస్తారు. మాసీ కంప్యూటరుకి ఉత్తరం వచ్చేలా ఏర్పాటు చేసుకున్నాడు. మా దగ్గరా ఫోన్లున్నాయి, మనవల ఫొటోలు చూసుకోవడానికి. కబురు మాత్రం మాసీ నోటి నుంచే వినాలని ఒప్పందం. ముందుగా తొంగి చూస్తే కలిసిరాదని నువాలా గట్టిగా చెప్పింది. ఆవిడకి ఆ విషయం ఎవరు చెప్పారో అడిగే ధైర్యం మాకు లేదు.

సోమవారం ఏడున్నరకి మాసీ కొట్లోకి వచ్చి తల అడ్డంగా ఊపాడు. రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం రాలేదు. గురువారం ఫలితం సంగతి అటుంచి, మాసీయే రాలేదు.

ఏడున్నర అయింది. ఎనిమిదయింది.

"వచ్చేసింది!" అంది నువాలా. "లేకపోతే ఈపాటికి వచ్చి తలూపేవాడు. కంపెనీ వాళ్లతో ఫోన్లో మాట్లాడుతుంటాడు."

"పెద్ద మొత్తమై ఉంటుంది," అన్నాడు ఫాదర్. "కాళ్లాడక కూర్చుని ఉంటాడు పాపం."

తొమ్మిదింటికి కొండ మీద మాసీ ఇంటి పొగ గొట్టంలోంచి పొగ మామూలు కంటే ఎక్కువ వస్తోందని ఒకరు కనిపెట్టారు. పండగ వంట అన్నమాట! పదింటికి నువాలా అందరికీ వెన్న రాసిన స్కోన్ రొట్టెలు డబ్బులు తీసుకోకుండా ఇచ్చింది. ఆ కొట్టు పెట్టాక అలాంటిది జరగడం అదే మొదలు, అదే ఆఖరు. చర్చికి కొత్త పైకప్పు వేయించాలని ఫాదర్, ఆ రేకులు నా దగ్గరే కొనాలని నేను, ఇద్దరం బేరం కూడా మొదలుపెట్టాం.

ముప్పై నాలుగేళ్లు ఆ మనిషి చేతి మీదుగా మధ్యాహ్నం ఉత్తరాలు అందుకున్నవాళ్లం. అక్కడున్న ఎనిమిది మందిలో ఒక్కరికి కూడా ఆ సంగతి గుర్తు రాలేదు.

ఒంటిగంటకి నేనే కొండెక్కాను. తలుపు తీసే ఉంది. వంటింట్లో పంది మాంసం, క్యాబేజీ ఉడుకుతున్నాయి. మాసీ నడుముకి తుండు చుట్టుకుని బంగాళాదుంపలు ఒలుస్తున్నాడు. ఆయన వంటింట్లో కత్తి పట్టగా నేనెప్పుడూ చూడలేదు. నన్ను చూసి, "రా డోనల్, సరైన టైముకి వచ్చావ్," అన్నాడు. నా కళ్లలోకి మాత్రం చూడలేదు.

"ఏమైంది మాసీ?" అన్నాను.

"తిన్నాక మాట్లాడుకుందాంలే."

డింఫ్నా కుర్చీలోంచి నా వైపు తిరిగింది. "పొద్దున ఏడింటి నుంచి ఈయన నాకు నాలుగుసార్లు టీ పెట్టిచ్చాడు. కాలు కింద దిండు పెట్టాడు. పెళ్లయి నలభై ఒక్క ఏళ్లు, ఇన్ని మర్యాదలు ఎప్పుడూ జరగలేదు." ఆమె గొంతులో కోపం లేదు. "కూర్చో డోనల్. నీ ఉత్తరం కూడా ఆయన దగ్గరే ఉంది."

అప్పుడు అర్థమయింది నాకు. కూర్చున్నాను. ముగ్గురం తిన్నాం. మాంసం బాగా ఉడికింది. ఆ మాట అనాలనిపించి అన్నాను కూడా. మాసీ పళ్లెం ఖాళీ చేసి, చేతులు తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"బావిలో చమురు లేదట," అన్నాడు. "ఉప్పునీళ్లు తప్ప ఏం లేవట. మూసేస్తున్నారు."

"దేంతో మూస్తున్నారు?" అంది డింఫ్నా. ఆయన్ని కాదు, నన్ను చూసి అడిగింది.

"సిమెంటుతో," అన్నాను.

ఆమె తలూపింది.

"ఇప్పుడు షేరెంతుంది?" అన్నాను.

"నాలుగు సెంట్లు."

"పొద్దున?"

"ఎనిమిదింటికి తెరిచినప్పుడు పదకొండుండింది."

నాకు ఒళ్లు మండిపోయింది. "పదకొండు దగ్గర చెబితే అమ్ముకునేవాళ్లం కదయ్యా! తొమ్మిది కుటుంబాలకి ఎంతో కొంత మిగిలేది. నువ్వయినా అమ్మావా?"

మాసీ నన్ను విచిత్రంగా చూశాడు. "మీకెవరికీ చెప్పకుండా నా ఒక్కడివి ఎలా అమ్ముకుంటాను? చెబుదామంటే అప్పటికి మీరెవరూ తినలేదు."

ఆ మనిషిని ఏమనాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. పదకొండు సెంట్లు నాలుగవుతుంటే బంగాళాదుంపలు ఒలుస్తూ నిలబడినవాడు ఈ భూమ్మీద ఆయనొక్కడే అయి ఉంటాడు. పీక నొక్కాలనిపించింది. కానీ సిమెంటు దేనికని ఆమె అడిగిన రోజే నేను నిజం చెప్పి ఉంటే ఆ మోకాలు ఈపాటికి మిగిలి ఉండేది. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

మాసీ టోపీ తీసుకున్నాడు. మిగతా ఏడిళ్లకీ వెళ్లి చెప్పాలి. ఫోన్లో చెప్పొచ్చు కదా అనబోయి మానేశాను.

"ఒక్కడివే ఎందుకు, నేనూ వస్తాను," అంది డింఫ్నా. బల్ల మీద రెండు చేతులూ ఆనించి లేచింది. ఒక అడుగు వేసింది. రెండోది వెయ్యబోయి, బల్ల అంచు పట్టుకుని అలాగే ఆగిపోయింది. కిటికీలోంచి కొండ దారి కనిపిస్తోంది. మెల్లగా మళ్లీ కుర్చీలో కూర్చుంది.

పొద్దున ఏడింటి నుంచి చెక్కు చెదరకుండా ఉన్న మాసీ మొహం అప్పుడు చెదిరింది. టోపీ చేత్తో పట్టుకుని, తలుపు దగ్గర నిలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆమె ఆయన్ని ఏడవనిచ్చింది. తర్వాత పళ్లేలు ఒకదానిమీద ఒకటి పెడుతూ అంది:

"ఫాదరు దగ్గరికి ముందెళ్లు, ఆయన ఒంటిగంటకే తినేస్తాడు. నువాలా మూడింటికి గానీ తినదు. అక్కడికి చివర్న వెళ్లు."