పుట్ట పేరున్న జబ్బు

కుప్పంలో బెంగళూరు రైలెక్కాము. గొంతుకు తువ్వాలు చుట్టుకుని మా ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎదురుగా ఒక అరవామె, నా ఈడుదే, ఇడ్లీ పొట్లం విప్పుతూ అడిగింది.

"అన్నకేమమ్మా?"

"క్యాన్సరంట. రాచపుండంటారు గదా, అది," అన్నాను.

"రాజులకు రావాల్సింది, దోవ తప్పి నాకాడికొచ్చిండాది," అన్నాడాయన, బొంగురు గొంతుతో.

"మా అరవంలో పుట్రునోయి అంటామన్నా. పుట్రు అంటే మీ పుట్టే," అందామె.

ముందటేడు చెనిక్కాయల చేలో అడ్డముందని ఆయన పాముపుట్ట తవ్వేసినాడు. జబ్బు దానివల్లేనని ఊరంతా అన్నది. ఆయనా నమ్మినాడు.

"సూడు, పేరులోనే ఉండాది," అని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

నేను సంగతి చెప్తే ఆమె తల కొట్టుకుంది. "అయ్యో, పుట్ట మాదిరి లోపల్లోపలే పెరుగుతాదని ఆ పేరమ్మా. మా ఇంటాయన టైలరు. జన్మలో పార పట్టలే. ఆయన్నీ అదే తీసుకుపోయింది."

మా ఆయన ఆమె వైపు తిరిగినాడు. పొద్దుటినుంచి నేనెంత చెప్పినా ముద్ద ముట్టని మనిషి, ఆమె పొట్లంలోంచి ఒక ఇడ్లీ అడిగి తీసుకున్నాడు.

ఆ ఏడే పోయినాడు. పుట్ట తవ్వినందుకే పోయినాడని ఇప్పటికీ ఎవరైనా అంటే, "మరి ఆ టైలరు యాల పోయినాడప్పా?" అంటాను. ఏ టైలరని అడుగుతారు. ఆమె పేరు కూడా నేను అడగలేదు.