కబురు కోసం ఆగిన జీపు

1959 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గడ్‌చాందూర్ అగ్గి సంఘం వాళ్లు ఉప్పర్వాహి అవతల వాగు ఒడ్డున లేచిన మంటను పావుగంటలో ఆర్పేశారు. మనుషులకు దెబ్బలు తగల్లేదు. పశువులు క్షేమం. ఆర్పింది ఆశన్న సారా బట్టీని.

సంఘానికి పెద్ద రామకిషన్ సేటు. బజారులో కిరాణా దుకాణం, దుకాణం ముందు జీపు. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు నాగపూర్‌లో వేలం వేస్తే కొని తెచ్చుకున్నది. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అదొక్కటే మోటారు. సంఘంలో మిగిలిన వాహనాలు హనుమంతు ఎడ్లబండి, దాని మీద నీళ్ల పీపా, ఇంకా రెండు సైకిళ్లు. ఎవరి బండి వాళ్లదే, ఎవరి బిందె వాళ్లదే. జీపును నలుగురు తోస్తేగానీ కదలదు. కదిలాక ఆపితే మళ్లీ నలుగురూ దిగాలి. అందుకని పొగ కనిపించగానే హనుమంతు ఎడ్లు కట్టుకుని ముందు బయల్దేరేవాడు, సేటు వెనకాల వచ్చేవాడు. చాలాసార్లు ఇద్దరూ ఒకేసారి చేరేవారు.

సంఘం పెట్టుకోక తప్పలేదు మరి. రాజూరా తాలూకా హైదరాబాదు రాష్ట్రం నుంచి బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. ఆదిలాబాదు జిల్లా కాదన్నారు, నాందేడ్ అన్నారు, మూడేళ్లు తిరక్కుండా నాందేడ్ కూడా కాదు చాందా అన్నారు. ఫైరింజను ఏ జిల్లాలో ఉన్నప్పుడూ రాలేదనుకోండి. కాకపోతే ఇదివరకు రానిది ఎక్కడి నుంచో తెలిసేది.

కొత్త రాష్ట్రంతోపాటు సారా నిషేధం కూడా వచ్చింది. అందువల్ల ఆశన్న తన నష్టం ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. పగిలిన కుండల మధ్య, తడిసిన ఇప్పపువ్వు మీద నిలబడి ఒక్క మాటన్నాడు.

"సేటూ, పిలిస్తె రావాలె గని, పొగ కనవడంగనే ఉరికొస్తె ఎట్ల?"

ఆ మాట సేటుకంటే ముందు గడ్‌చాందూర్ చేరింది. సేటు వాసన పట్టుకుని పోయాడని కొందరు, ఆర్పింది కొంత, తాగింది కొంత అని ఇంకొందరు. రామకిషన్ బీడీ కూడా ముట్టని మనిషి. వీధి చివర బాలమ్మ అయితే రోజూ సాయంత్రం దుకాణం మెట్లెక్కి, చేతిలో చాట పట్టుకుని చాలా మర్యాదగా చెప్పేది: "సేటూ, పొయ్యి అంటువెడుతున్న. జీపు తియ్యకని చెప్పిపోదామని వచ్చిన."

వారం భరించాడు. ఎనిమిదో రోజు సంఘాన్ని దుకాణంలో కూర్చోబెట్టి నియమం పెట్టాడు. మంటలున్న ఊరి నుంచి మనిషి వచ్చి కబురు చెబితేనే బండ్లు కదలాలి. అందరూ సరేనన్నారు. నవ్వులపాలైంది సేటు ఒక్కడే కాదు కదా.

ఇక ఉప్పర్వాహి లస్మవ్వ సంగతి. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది రెండెకరాల చెలక, ఒక గడ్డి ఇల్లు, ఆ ఇంట్లో రేకు పెట్టె, ఆ పెట్టెలో పట్టా కాగితం. నిజాం కాలం నాటి కాగితం, ఉర్దూలో ఉంటుంది. రామకిషన్ చిన్నప్పుడు ఉర్దూ బడిలో చదివినవాడు. ప్రతి సంతరోజూ ఆమె ఉప్పు, మిరపకాయలు కొన్నాక కొంగులోంచి కాగితం తీసి ఆయన ముందు పెట్టేది. ఆయన మొదటి నుంచి చివరి దాకా చదివేవాడు. తూర్పుకు వాగు, పడమరకు మొండయ్య చేను, ఉత్తరానికి బండ్లబాట. నడుమ ఆమె పేరు. పేరు వచ్చినప్పుడు తలాడించేది.

కొత్త సర్కారు మరాఠీలో కొత్త పుస్తకాలు రాయిస్తోందని, పాత కాగితాలున్నవాళ్లు రాజూరా కచేరీకి తెచ్చి చూపాలని చాటింపు వేశారు. చూపకపోతే పొలం ఎవరు దున్నుతుంటే వాళ్ల పేరే ఎక్కుతుందని చెప్పుకున్నారు. లస్మవ్వ మరిది ఆ మాట చాలా శ్రద్ధగా విన్నాడు. అప్పటికే నాగలి బాగు చేయిస్తున్నాడు కూడా. వచ్చే సోమవారం జీపులో తీసుకుపోతానని రామకిషన్ ఆమెకు మాటిచ్చాడు.

మంట లేచింది గురువారం నాడు. 1960 మే నెల, మహారాష్ట్ర ఏర్పడి రెండు వారాలు. మిట్టమధ్యాహ్నం ఉప్పర్వాహి వైపు పొగ కనిపించింది.

సంఘం వాళ్లు దుకాణం ముందు పోగయ్యారు. హనుమంతు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "ఆశన్న మళ్ల మొదలువెట్టినట్టుండు" అన్నాడు. నలుగురూ నవ్వారు. రామకిషన్ కూడా నవ్వాడు. అయినా ఎందుకైనా మంచిదని జీపు తోయించాడు. ఇంజను అందుకుంది. స్టీరింగు ముందు కూర్చున్నాడు. వెనక నలుగురు ఒళ్లో బిందెలు పెట్టుకుని కూర్చున్నారు. కబురు రాలేదు.

పొగ చిక్కబడింది. ఇక నవ్వలేదెవరూ. నియమం పెట్టినవాడే పోదాం అనాలని మిగతావాళ్లు ఆయన వీపు వైపు చూస్తున్నారు. వాళ్లలో ఒకరైనా అంటే పోదామని ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు. ఎదురుగా బాలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నిజానికి ఆమె కూడా పొగనే చూస్తోంది. రామకిషన్‌కు మాత్రం తననే చూస్తున్నట్టు తోచింది.

దుకాణంలోంచి భార్య రుక్మిణి బయటికి వచ్చింది. నలుగురి ముందు మొగుడికి ఎదురు మాట్లాడే మనిషి కాదు.

"గంత నల్ల పొగకు సుత కబురు కావాల్నా?" అంది.

పదిమంది కలిసి పెట్టుకున్న నియమమని ఆయన గొణిగాడు. అరగంట అలా గడిచింది. ఇంజను ఆడుతూనే ఉంది, జీపు ఉన్నచోటే ఉంది.

చివరికి రోడ్డు మీద మొండయ్య కనిపించాడు. మూడు మైళ్లు పరిగెత్తుకుంటూ వచ్చాడు. లస్మవ్వ ఇల్లు అన్నాడు, ఇంకేమీ అనలేకపోయాడు. రామకిషన్ అతన్ని ముందు సీట్లో వేసుకుని జీపును ఎంత తొక్కగలడో అంత తొక్కాడు. కబురు ఇంత ఆలస్యంగా పంపారేమని దారిలో కేకలేశాడు. మొండయ్యకు అప్పటికి ఊపిరి అందింది.

"పొగ జూసి నువ్వే వస్తవనుకున్నం సేటూ. ఎప్పుడు గట్లనే వస్తివి గద."

వాళ్లు చేరేసరికి కప్పు కూలిపోయి ఉంది. గోడలు నిలబడే ఉన్నాయి, వాసాలు నడుమ పడి నిదానంగా మండుతున్నాయి. బర్రెను ఎవరో బయటికి తోలారు. లస్మవ్వ చెలక నుంచి వచ్చి దాని పలుపు పట్టుకుని నిలబడింది. ఏడవడం లేదు. పెట్టె ఉన్న మూల వైపు వేలు చూపించింది, అంతే.

రామకిషన్ కర్రతో పెట్టెను బయటికి లాగి మూత లేపాడు. లోపల కాగితం కాలి నల్లటి రేకులా మారింది. కానీ మడత విడిపోలేదు. ఆ నలుపు మీద పాత సిరా అక్షరాలు వెండి గీతల్లా కనిపిస్తున్నాయి. వంగి చదవడం మొదలుపెట్టాడు. తూర్పుకు వాగు. చదవగలుగుతున్నాడు. పడమరకు మొండయ్య చేను.

అప్పుడే హనుమంతు బండి వచ్చింది. దిగడంతోనే అతనికి పెట్టెలోంచి సన్నగా లేస్తున్న పొగ కనిపించింది. ఏళ్ల అలవాటు. పీపాలోంచి బిందెడు ముంచి, గురి తప్పకుండా అందులో పోశాడు.

ఆ రోజు సంఘం ఆర్పింది అదొక్కటే.

సోమవారం నాడు రామకిషన్ మాట ప్రకారం లస్మవ్వను రాజూరా తీసుకుపోయాడు. కచేరీలో పుస్తకాలు రాసే కారకూన్ మెత్తటి మనిషి. కాగితం కాలిందంటే నొచ్చుకున్నాడు. రామకిషన్ సరిహద్దులు నోటితో అప్పజెప్పితే చివరిదాకా విన్నాడు. విన్నది రాయడానికి అధికారం లేదన్నాడు. పాత దస్తరాలు కొన్ని ఆదిలాబాదులో ఉన్నాయట, కొన్ని నాందేడ్ పోయాయట, రావలసినవి వస్తే చూద్దాం, పై సోమవారం కనుక్కోండి అన్నాడు.

పై సోమవారం వెళ్లారు. ఆ పైదీ వెళ్లారు. దస్తరాలు వచ్చాయి, ఉప్పర్వాహివి రాలేదు. వానలు పడ్డాయి. చెలకను మరిది దున్నుకున్నాడు, ఎవరూ ఆపలేకపోయారు. లస్మవ్వ వాగు పక్కన పాక వేసుకుని కూలికి పోవడం మొదలుపెట్టింది. పాకకు గడ్డి సంఘం వాళ్లే మోశారు. ఆమె వద్దనలేదు, మంచిదనీ అనలేదు.

ఆ అరగంట గురించి ఆమె ఏనాడూ అడగలేదు. అడిగితే చెప్పాలని రామకిషన్ ఒక జవాబు తయారు చేసుకున్నాడు. జీపులో పోయేటప్పుడు ఒకటి రెండుసార్లు తానే మొదలుపెట్టబోయాడు. ఆమె బయటికి చూస్తూ కూర్చునేది. ఆ జవాబు అలాగే ఉండిపోయింది.

మరుసటి ఏడు పత్తి ఏరే రోజులొచ్చాయి. ఒక సోమవారం పొద్దున రామకిషన్ బాట మీద జీపు నిలిపి హారను కొట్టాడు. లస్మవ్వ ఒడిలో పత్తితో గట్టు దాకా వచ్చింది గానీ బాట మీదికి దిగలేదు. ఏడాదిన్నరలో మొదటిసారి గొంతు పెంచింది.

"వారం వారం నా కూలి పోవట్టె. ఆళ్లు రాసేది లేదు, నా చెలక వచ్చేది లేదు. కచేరి బల్ల మీద కూసొని వచ్చేటందుకు నన్నెందుకు తిప్పుతున్నవ్ సేటూ? నువ్వొక్కనివే పోరాదు?"

రామకిషన్ హారను మీది చెయ్యి తీసేశాడు.

"ఒక్కన్నే పోతె మొఖం చెల్లుతలేదవ్వా."